ఉప్పుగాలిలో అంబాసిడరు

మధ్య అండమానులోని రంగత్ పట్టణమునకు ఒక మోటారుకారు చేరవలెనన్న, అది ముందుగా చెన్నపట్టణముననో, కలకత్తాలోనో, విశాఖపట్టణముననో ఓడ యెక్కి, బంగాళాఖాతమును దాటి, నేడు శ్రీవిజయపురమని పిలువబడుచున్న పోర్టుబ్లేరున దిగి, పిమ్మట ట్రంకురోడ్డు పట్టి ఉత్తరముగా సుమారు 170 కిలోమీటర్లు పయనింపవలెను. ఆ దారిలో జిర్కాటాంగు కడ గేటు తెఱచు వేళకై వరుసలో నిలిచి, జారవా ఆదివాసుల రక్షితారణ్యమును తక్కిన బండ్లతో కూడి, ముందు బండిని దాటక, ఎచ్చటను ఆగక గడచి, మిడిల్ స్ట్రెయిట్ కడ మరల పడవ యెక్కి బారాటాంగు దీవిని చేరవలెను. ఆగరాదను నియమముగల అడవిలో కారు తనంతట తానే ఆగిపోయినచో యజమానునకు కలుగు వ్యాకులత ఎట్టిదో వర్ణింప నవసరము లేదు. విడిభాగములు సైతము సముద్రము దాటి రావలసిన ఇట్టి చోట, కుటుంబమునకొక కారు ఉంచుకొనదలచినవాడు దాని రోగలక్షణములను కొంతయైన ఎఱిగి యుండక తప్పదు.

ఆ లక్షణములను నేర్పుటకు అంబాసిడరును మించిన పాఠ్యగ్రంథము మనదేశపు రోడ్లపై మఱియొకటి తిరుగలేదు. 1942లో బి.యం. బిర్లా స్థాపించిన హిందుస్థాన్ మోటార్సు సంస్థ, మొదట గుజరాతు తీరమందలి ఓఖా రేవున విడిభాగములు కూర్చు పనితో ఆరంభించి, 1948లో హుగ్లీ నదీతీరమందలి ఉత్తరపాడాకు తరలి, ఆంగ్లదేశపు మోరిస్ కంపెనీ నమూనాల ననుసరించి కార్లు నిర్మింపసాగెను. మోరిస్ ఆక్స్‌ఫర్డు రెండవశ్రేణి ఇచ్చట ల్యాండ్‌మాస్టరు అను పేర వెలసినది. మూడవశ్రేణి 1957-58 ప్రాంతమున అంబాసిడరైనది. తరువాతి కాలమున మినీ కారును సృష్టించి లోకప్రఖ్యాతి గాంచిన ఆలెక్ ఇసిగోనిస్, మోరిస్ మైనరు కారున ప్రవేశపెట్టిన పద్ధతులు, అనగా వేఱుగా చట్రము లేక దేహమే చట్రముగా నుండు నిర్మాణమును, ముందు చక్రములకు మెలితిరుగు కడ్డీల స్ప్రింగులును, ర్యాకు-పినియను స్టీరింగును, దీనికిని వంశపారంపర్యముగా సంక్రమించినవి. వెనుక చక్రములకు మాత్రము బండ్లకాలమునాటి కమాను కట్టలే. తొలుత 1476 ఘనసెంటీమీటర్ల పాత ఇంజనుతో నడచి, 1959లో 1489 ఘనసెంటీమీటర్ల ఓవర్‌హెడ్ వాల్వు ఇంజనును పొంది, 1980 ప్రాంతమున డీజిలును, 1992లో జపానుదేశపు ఇసుజు ఇంజనును ధరించినను, దాని గుండ్రని ఆకారము మాత్రము అర్ధశతాబ్దమునకు పైగా ఇంచుమించు అట్లే నిలిచియుండెను. దిగుమతులకు తలుపులు మూసి, లైసెన్సు లేనివానిని కారు తయారుచేయనీయని ఆనాటి ప్రభుత్వ విధానమే ఇందుకు ముఖ్యకారణము. ఎచ్చటనైనను బాగుచేయవచ్చునని అంబాసిడరును పొగడువారు కలరు, అది నిజమే. అయితే ఎచ్చటనైనను బాగుచేయవలసి వచ్చుచుండెననుటయు అంతే నిజము.

పెట్రోలు ఇంజను కదలుటకు కావలసినవి మూడే: గాలితో తగుపాళ్ళలో కలిసిన పెట్రోలు, సకాలమున నిప్పురవ్వ, సిలిండరులో చాలినంత ఒత్తిడి. కారు కదలనని మొండికెత్తినపుడు బుద్ధిమంతుడైన మెకానిక్కు ఈ మూడింటిలో లోపించినది ఏదియని వెదకును గాని, కనబడిన ప్రతి మరను విప్పడు. సెల్ఫు కొట్టినపుడు టక్కుమని శబ్దము మాత్రము వచ్చి ఇంజను తిరుగకున్నచో, హెడ్‌లైట్లు వెలిగించి మరల సెల్ఫు కొట్టి చూడవలెను. దీపములు ఒక్కమారుగా మసకబారినచో దోషము బ్యాటరీయందో దాని టెర్మినళ్ళయందో కలదు. ప్రకాశము చెక్కుచెదరనిచో దోషము సెల్ఫు మోటారునందో దాని స్విచ్చియందో కలదు. నిండుగా ఛార్జియున్న బ్యాటరీ విశ్రాంతిలో నున్నపుడు 12.6 వోల్టులు చూపును. 12కు దిగినదన్న, అంకెలలో తేడా స్వల్పముగా కనబడినను, అది ఇంచుమించు ఖాళీయైనట్లే. టెర్మినళ్ళపై పేరుకొను తెల్లని, నీలివన్నెగల చిలుము విద్యుత్తునకు అడ్డుగోడయై, మంచి బ్యాటరీని సైతము చెడినదానివలె భ్రమింపజేయును. వేడినీటిలో వంటసోడా కలిపి కడిగి, తుడిచి, బిగించి, పైన వాసెలైను పూసినచో క్రొత్త బ్యాటరీ కొను వ్యయము తప్పిన సందర్భములు అనేకములు. అప్పటికిని సెల్ఫు పలుకనిచో అంబాసిడరు యజమానునకు మఱియొక ఉపాయము కలదు: ముందువైపు రంధ్రమున ఇనుప హ్యాండిలు దూర్చి, మంచి భుజబలము గలవానిని పిలుచుట.

సెల్ఫు తిరుగుచు ఇంజను మాత్రము అంటుకొనకున్నచో నిప్పురవ్వను శంకింపవలెను. డిస్ట్రిబ్యూటరు లోని పాయింట్ల నడుమ సుమారు 0.4 మిల్లీమీటరు ఎడముండవలెను. అవి నిమిషమునకు వేలమార్లు తెఱచుకొని మూసికొనుచు, మాడి, గుంటలు పడి, ఎడము తప్పును. పట్టణములలో ఇది అరుగుదల వలన వచ్చు సామాన్యరోగము. ద్వీపములలో దీనికంటె ముందు వచ్చునది చెమ్మ. రాత్రి కురిసిన వానకు డిస్ట్రిబ్యూటరు మూతలోపల కంటికి కనబడని నీటిపొర యేర్పడి, ప్లగ్గునకు పోవలసిన విద్యుత్తును ప్రక్కదారి పట్టించును. మూత విప్పి పొడిగుడ్డతో తుడిచినంతనే ప్రాణము వచ్చు ఈ రోగమునకు, కారణము తెలియక కార్బురేటరును విప్పి వైద్యము చేయువారు నేటికిని కలరు.

ఎండకాలపు ఉపద్రవములు వేఱు. సిలిండరులో మండు వాయువుల వేడిమి 2000 డిగ్రీలను మించును. ఆ వేడిలో సుమారు మూడవవంతును రేడియేటరు నీరు మోసికొనిపోవలెను. రేడియేటరు మూత కేవలము నీరు చిందకుండుటకై పెట్టిన బిరడా యని తలచుట పొరపాటు. అది లోపల ఒత్తిడిని నిలిపి, చదరపు అంగుళమునకు ఒక్కొక్క పౌను పెరిగిన కొలది నీరు మరుగు స్థానమును ఇంచుమించు 1.7 డిగ్రీలు పైకి నెట్టును. రబ్బరు వాషరు చివికిన మూత ఒక్కటి చాలును, నిష్కారణముగా ఇంజను కాగుచున్నదని యజమానుని ఏడిపించుటకు. వేడిగానున్నపుడు ఆ మూత తీసినచో ఒత్తిడి తొలగి, నీరు తత్‌క్షణమే ఆవిరియై ముఖముపై చిమ్మును గనుక, చేయి ఆనునంతగా చల్లారువఱకు ఓర్పు వహింపవలెను. పొగ సంగతి సంక్షేపముగా చెప్పవచ్చును: నీలిపొగ ఇంజనాయిలు మండుచున్నదనుటకు, నల్లపొగ పెట్రోలు అతిగా పోవుచున్నదనుటకు, ఎంతసేపటికిని ఆగని తెల్లపొగ హెడ్డు గాస్కెట్టు చెడి నీరు సిలిండరులోనికి జొచ్చుచున్నదనుటకు గుర్తులు.

బ్రేకు ఆయిలు విషయమున మాత్రము ఉపేక్ష ప్రాణాంతకము. ఈ ద్రవము గాలిలోని తేమను పీల్చు స్వభావము గలది. సామాన్యముగా వాడు డాట్-3 ద్రవము క్రొత్తగానున్నపుడు 205 డిగ్రీలకు లోపల మరుగరాదని ప్రమాణము. తేమ పీల్చిన పిమ్మట ఆ ప్రమాణము 140 డిగ్రీలకు దిగును. దిగుడు రోడ్డులో బ్రేకులు కాగి ద్రవము మరిగినచో, గొట్టములలో ఆవిరిబుడగలు పుట్టి, పెడలు మెత్తగా క్రిందికి పోవును గాని బండి నిలువదు. రెండేండ్ల కొకమారు మార్చవలెనను నియమము తేమదీవులలో మఱింత నిష్ఠతో పాటింపదగినది.

ఇక అండమానులలో కారు ఆయుర్దాయమును నిర్ణయించు అసలు శత్రువును గూర్చి చెప్పవలెను. ఇచ్చట ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వాన కురియును. వాన ఎంత కురిసినను నీరు కారిపోవును, ఆరిపోవును, ఉప్పు ఆరనీయదు. కెరటముల తుంపరలనుండి గాలిలో తేలివచ్చు సూక్ష్మ లవణకణములు కారు అడుగుభాగమున, తలుపుల అంచులలో, మడ్‌గార్డుల మడతలలో చేరి కూర్చుండును. గాలిలో సాపేక్ష ఆర్ద్రత నూటికి 75 దాటినంతనే ఉప్పు తనంతట తానే నీటిని గ్రహించి కరిగి ద్రవమగును. వానకాలమున మన వంటింటి జాడీలో ఉప్పు చెమర్చుట ఈ ధర్మము వలననే. మే నుండి డిసెంబరు వఱకు రెండు ఋతుపవనముల కాలమున ఈ దీవులలో ఆర్ద్రత తఱచుగా ఆ హద్దుకు పైననే యుండును గనుక, షెడ్డులో నిలిపియుంచిన కారు సైతము వాన చినుకు సోకకయే తడిసియుండును. ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిసినచోట తుప్పు పుట్టును. నీటిలో ఉప్పున్నచో అది విద్యుత్తును సులభముగా ప్రవహింపజేసి ఆ రసాయనక్రియను వేగిరపరచును. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె కొన్నిరెట్లు అధికమైన చోటు నాక్రమించును గనుక, రంగుపొరను లోపలినుండి ఉబ్బించి, ఆ పగులున మఱింత ఉప్పునీటిని ఆహ్వానించుచు వ్యాపించును. 2011 జనగణన నాటికి ఈ ద్వీపవాసులలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. సముద్రతీరపు జిల్లాలనుండి వచ్చిన తెలుగు కుటుంబములకు ఉప్పుగాలి క్రొత్త కాకపోయినను, తీరమున నిది యొకవైపునుండి వీచును, ద్వీపమున నాలుగువైపులనుండి వీచును.

అంబాసిడరు నిర్మాణములోని వైపరీత్యము ఇచ్చటనే బయటపడినది. దాని ఇంజనుకు బోరు కొట్టించి, రింగులు మార్చి, వాల్వులు నూరి ఎన్ని జన్మములైన ప్రసాదింపవచ్చును. వేదాంతులు చెప్పునట్లు నశించునది దేహమే. లారీకివలె వేఱుగా చట్రమున్నచో పై రేకు చివికినను బండి నిలుచును. దేహమే చట్రమైనచోట తలుపుల క్రిందనుండు పెట్టెవంటి అంచులు, కమాను కట్టలు బిగించు స్థానములు తినివేయబడినపుడు బండి వెన్నెముకయే విరిగినట్లగును. రేకులు మందమగుటచే అంబాసిడరు చిరకాలము తట్టుకొన్నది గాని, తప్పించుకొనలేదు.

1983లో మారుతి కారు వచ్చినది. దిగుమతి ద్వారములు తెఱచుకొన్నవి. 2014 మే 24న ఉత్తరపాడా కర్మాగారమున పని నిలిచిపోయినది. 2017లో అంబాసిడరు పేరును ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థ 80 కోట్ల రూపాయలకు కొన్నది. నేటి కుటుంబపు కార్లలో పాయింట్లు లేవు, కార్బురేటరు లేదు; ఇంజనును కంప్యూటరు నడుపును, దోషము కలిగినపుడు మీటర్ల నడుమ పసుపుపచ్చని దీపము వెలుగును, స్కానరు యంత్రము తగిలించినగాని దాని అర్థము తెలియదు. ఇవి అంబాసిడరుకంటె పదింతలు నమ్మదగినవనుటలో నాకు సందేహము లేదు. అయినను వానికిని బ్యాటరీ టెర్మినళ్ళు, రేడియేటరు మూత, బ్రేకు ఆయిలు, ఇనుపరేకు ఉన్నవి. సెన్సారు తీగలు కలియుచోట పట్టిన చిన్న చిలుము ఇంజనునే ఆపగలదు.

కావున ద్వీపవాసులైన పాఠకులకు ఒక మనవి. కారు పైభాగమును మెఱయునట్లు తుడుచుటకంటె అడుగుభాగమును నెలకొకమారైన మంచినీటితో, గొట్టము పెట్టి కడుగుడు. తలుపుల అడుగు అంచున నీరు కారుటకై చిన్న రంధ్రములుండును. ఏప్రిలు నెలలో, వానలకు ముందు, సన్నని పుల్లతో వానిని పొడిచి చూడుడు. మురికినీరు కారినచో సకాలమున చూచినట్లే. ఎఱ్ఱని పెచ్చులు రాలినచో రంగు వేయువాని యొద్దకు పోవలదు. ముందు టింకరింగు మేస్త్రి యొద్దకు పొండు.