కైట్ తేలిగ్గా ఉండాలా, గట్టిగా ఉండాలా?

ఫోన్ తేలిగ్గా ఉందని కొని, ఇంటికొచ్చాక బరువైన కేస్ తొడుగుతాం. కైట్‌బోర్డింగ్ కైట్‌కి ఆ ఛాన్స్ లేదు.

గాలి నింపే ముందు ట్యూబ్‌ని మామూలుగా డాక్రాన్‌తో, అంటే దట్టంగా నేసిన పాలిస్టర్‌తో కుడతారు. రెక్కకి పలచటి రిప్‌స్టాప్ వాడతారు. అందులో మందపాటి దారాల గళ్లు ఉంటాయి కాబట్టి చిన్న చిరుగు పెద్దది కాకుండా ఆగుతుంది. ఖరీదైన కొత్త కైట్లలో డాక్రాన్ బదులు అలూలా వస్తోంది. డైనీమా తాళ్లలో ఉండే రకం పీచే ఇందులోనూ ఉంటుంది. బలం తగ్గకుండానే బరువు బాగా తగ్గుతుంది, ధర మాత్రం పెరుగుతుంది.

రామేశ్వరంలో నేర్చుకునేటప్పుడు గాలి కాస్త తగ్గగానే నా పాత కైట్ నీళ్లలో పడేది. మళ్లీ లేపేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. అలాంటప్పుడు తేలికైనది ఇంకాసేపు గాల్లో నిలబడుతుంది. గాలి జోరుగా ఉన్న రోజు మాత్రం నాకు పెద్ద తేడా తెలీలేదు.

అయినా నేను డాక్రానే కొన్నా. నేర్చుకునేవాడి కైట్ ముక్కు నేలకి కొట్టుకోకుండా ఉండదు కదా! షాపులో నేను బరువు కన్నా ముందు ట్యూబ్ మీద, స్ట్రట్ చివర్లలో రాపిడి తట్టుకునే ప్యాచ్‌లు ఉన్నాయా అని చూశా. ఇంకోటి, గాలి నింపిన కైట్‌ని బీచ్‌లో ఎండకి వదిలేయకండి. యూవీకి, టపటపా కొట్టుకోవడానికి రెక్క గుడ్డ తొందరగా పాడవుతుంది, ట్యూబ్ ఏదైనా సరే.