కలబందకు పట్టిన తెల్ల దూది

మా అరసికెరె ఇంటి గుమ్మమునకు వ్రేలాడదీసిన కలబంద నీటిచుక్క లేకుండ నెలల తరబడి బ్రదికినది. కుండీలోని కలబందకు రోజూ చెంబెడు నీరు పోసితిమి. మొదలు మెత్తబడి కుళ్లినది. మా ముద్దే దాని ప్రాణము మీదికి తెచ్చినది! గట్టిగానున్న పిలకను వేరుచేసి, నాలుగు రోజులు నీడన ఆరబెట్టి, ఇసుక కలిపిన మట్టిలో నాటితిమి. ఇప్పుడు మన్ను పూర్తిగా ఎండిన పిదపనే నీరు.

ఆకుల సందున దూదివంటి తెలుపు కనబడినచో బూజనుకొనరాదు, అది పిండినల్లి. చీమల రాకపోకలే దాని జాడ. దీని దాయాదియగు కొచినీలు పురుగును 1926లో సింహళమునుండి తెచ్చి వదలగా, దక్షిణదేశమున పొలములనాక్రమించిన నాగజెముడు డొంకలు కొన్నేండ్లకే చాలవరకు నశించినవి. ఉపేక్ష తగదు. స్పిరిటులో తడిపిన దూదితో తుడిచి, వారమునకొకసారి మరల చూడవలెను. కొత్త కుండీని మేము పక్షము రోజులు విడిగా నుంచుచున్నాము.