సిమ్‌ మారితే ఓటీపీ ఎటు?

సోవియట్‌ సాయంతో కట్టిన భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్‌ ఫర్నేస్‌ 1959లో రగిలింది. ఆ కొలువుల కోసం తరలివచ్చిన తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు చాలామంది తాతలకు మనవడి మొహం కనిపించేది వీడియో కాల్‌లోనే. అందుకు చటుక్కున తోచే ఉపాయం: ఫోన్లోని సిమ్‌ తీసి, వైఫై పంచే హాట్‌స్పాట్‌ డబ్బాలో వేయడం.

కుదురుతుంది, డబ్బా 4జీదైతే. 2016లో మొదలైన జియోకు 2జీ, 3జీ లేవు. దాని సిమ్‌ పాత 3జీ డాంగిల్‌లో ఉలకదు, పలకదు. అమ్మిన కంపెనీ తాళం వేసిన డాంగిలైతే పరాయి సిమ్‌ను రానివ్వదు. ఇక సెట్టింగుల్లో ఏపీఎన్‌ అనే గడి. జియోకైతే అక్కడ జియోనెట్‌ అని ఉండాలి.

అసలు చిక్కు వేరు. బ్యాంకు ఖాతా, గ్యాస్‌ బుకింగ్‌, ఆధార్‌ అన్నీ ముడిపడింది ఆ నెంబరుతోనే. సిమ్‌ ఎక్కడుంటే ఓటీపీ అక్కడికే పోతుంది. తాతగారేమో బ్యాంకు కౌంటర్‌ దగ్గర, ఓటీపీ ఏమో ఇంట్లో అల్మరా మీద! చాలా డబ్బాల్లో ఆ మెసేజ్‌ చదవాలంటే బ్రౌజర్లో అడ్మిన్‌ పేజీ తెరవాలి. అది ఆయనకు ఎవరు చెబుతారు?

డబ్బాకు వేరే సిమ్‌ తీసుకోవడమే మేలు. సొరుగులో పడున్న పాత ప్రీపెయిడ్‌ డాంగిల్‌ సిమ్‌ మీద ఆశ వద్దు. 90 రోజులు వాడకపోయినా ఖాతాలో 20 రూపాయలుంటే నెంబరు నిలుస్తుందన్నది ట్రాయ్‌ 2013లో తెచ్చిన నియమం. అదీ లేకపోతే రద్దే.

ఫోన్లోనే హాట్‌స్పాట్‌ పెట్టుకుంటే ఏ ఖర్చూ లేదు. కాకపోతే తాతగారు సెక్టార్‌ 5 బాలాజీ గుడికి బయల్దేరితే ఇంట్లో ఇంటర్నెట్‌ కూడా ఆయన జేబులోనే వెళ్లిపోతుంది.