ఆ ఒక్క మాట కోసం ఐదుసార్లు ప్రవాసం

యేసుక్రీస్తు దేవుడా, లేక దేవుడు సృష్టించినవాడా? నాలుగో శతాబ్దపు సంఘాన్ని కుదిపేసిన ప్రశ్న ఇది. అలెగ్జాండ్రియాలో అరియస్ అనే సంఘపెద్ద, కుమారుడు కూడా సృష్టించబడినవాడేనని బోధించాడు. చాలామంది నమ్మారు. క్రీ.శ. 325లో నైసియాలో సమావేశమైన బిషప్పులు ఆ బోధను తోసిపుచ్చి, కుమారుడు తండ్రితో ఏకతత్వం గలవాడని ప్రకటించారు. తన బిషప్పు వెంట ఆ సభకు వెళ్లిన యువ డీకనే అథనేసియస్.

328లో ఆయనే అలెగ్జాండ్రియా బిషప్పయ్యాడు. అంతలోనే చక్రవర్తుల మొగ్గు అరియస్ పక్షానికి మళ్లింది. అరియస్‌ను తిరిగి సంఘంలో చేర్చుకోమన్నా అథనేసియస్ ఒప్పుకోలేదు. ఐదుసార్లు బహిష్కరణకు గురై, దాదాపు 17 ఏళ్లు తన సంఘానికి దూరంగా బతికాడు. ఎందుకంత పట్టుదల? సృష్టి తనను తాను రక్షించుకోలేదు, సృష్టికర్తే దిగిరావాలి. క్రీస్తు సృష్టించబడినవాడైతే మనకు రక్షణే లేదు. ఇదీ ఆయన వాదన.

373లో ఆయన కన్నుమూశాడు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ నైసియా విశ్వాసాన్ని స్థిరపరిచింది. ఆ రోజును ఆయన చూడలేదు.

ప్రభురాత్రి భోజన ఆరాధనలో విశ్వాస ప్రమాణాన్ని పెదవులతో గబగబా పలికేస్తుంటాం. దాన్ని కాపాడేందుకు ఒకరు ఎంత మూల్యం చెల్లించారో ఈ ఆదివారం ఒక్క క్షణం తలచుకుందాం.