సోయెర్ కొండబాట: సున్నము లేని గోడలు

మధ్యధరా సముద్రమున స్పెయిను దేశమునకు చెందిన మయోర్కా ద్వీపములో సోయెర్ అను పట్టణము కలదు. చుట్టును కొండలు, నడుమ నారింజ తోటలు. పాల్మా నగరమునుండి రైలు 1912లో వచ్చినది. అంతకు పూర్వమే ఇచటి నారింజలు ఓడలపై ఫ్రాన్సునకు పోవుచుండెను. ఊరు విడిచి అరగంట నడచిన బినియరాష్ అను చిన్న గ్రామము వచ్చును. అచటనుండి ఇరుకు లోయవెంట రాతిమెట్ల బాట పైకెక్కును. ఈ బాట ప్రక్కనున్న సేద్యమును గూర్చియే మేము సభ్యులకు చెప్పదలచితిమి.

లోయకు ఇరుప్రక్కల కొండను అంచెలంచెలుగా చదునుచేసి ఒలీవ చెట్లు పెంచినారు. ప్రతి అంచెకును రాతిగోడయే ఆధారము. ఈ గోడలో సున్నము లేదు, అడుసు లేదు. అడుగున పెద్దరాళ్లు పెట్టి, పైన రాయికి రాయి ఒదుగునట్లు సుత్తెతో చెక్కి పేర్చి, వెనుక చిన్నరాళ్లు నింపుదురు. గోడను కొంచెము కొండవైపునకు వాల్చెదరు. వాననీరు సందులనుండి జారిపోవును, మన్ను నిలుచును. సున్నముతో బిగించినయెడల నీరు వెనుక నిలిచి గోడనే త్రోయును. గట్టు వేసి, నీరు పోవు దారి మరచిన రైతులను మన గ్రామములలో మేము అనేకులను చూచితిమి.

అచట వేసవి పొడిగానుండును; శరత్కాలమున ఒక్కొక్కప్పుడు కుండపోతగా కురియును. అప్పుడొక రాయి జారును. వెంటనే పేర్చిన అది స్వల్పమైన పని. ఉపేక్షించిన గండిపడి మన్ను క్రింది అంచెమీద పడును. ఆ భారమునకు క్రింది గోడయు కూలవచ్చును. నష్టము పొరుగువానిది కూడ. నడుచు బాటకును ఇదే విద్య: నీటిని ప్రక్కకు మళ్లించుటకు మెట్ల నడుమ ఏటవాలుగా రాతివరుసలు పెట్టుదురు. చెట్లక్రింద గొఱ్ఱెలు మేయును గావున, బాటసారి తాను తెరచిన గేటును తానే మూసి పోవలెను.

గోడ పేర్చు పనివారిని మార్జేర్లందురు. యువకులు హోటలు కొలువులకు పోవుటచే ఈ విద్య అడుగంటినది. 1980వ దశకమున సోయెర్‌లో దీనికొక బడి పెట్టి మరల నేర్పిరి. త్రముంతానా అను ఈ కొండలను 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. 2018లో స్పెయిను మొదలగు ఎనిమిది దేశముల పేర ఈ గోడకట్టు విద్యకును యునెస్కో గౌరవము కలిగినది.

గౌరవము వచ్చినంతమాత్రమున రాళ్లు వాటంతట అవి పేరుకొనవు. ఇరుకైన అంచెలపైకి ట్రాక్టరు ఎక్కదు. వలలు పరచి కాయలను కఱ్ఱలతో రాల్చవలెను. సోయెర్ రైతుల సహకార సంఘము సభ్యుల కాయలను ఆడించి నూనె అమ్ముచున్నది. అది కొంత ఊతము. అయినను పైయంచెలు అనేకములు బీడువడినవి. వానిలో పైను చెట్లు మొలచి, వాని వేళ్లు గోడరాళ్లను వెలికి త్రోయుచున్నవి. బాటసారులు ఆ నీడను కూర్చుందురు. క్రింది అంచె రైతు మాత్రము, వాన వచ్చిన మరునాడు, తన గోడకన్న ముందు పైవాని గోడను చూచుకొనును.