పప్పుకు పడిన శిక్ష

మా బాబాయి రిపోర్టులో యూరిక్ యాసిడ్ 7.4 అని లావు అక్షరాల్లో వచ్చింది. నొప్పి లేదు, వాపు లేదు. అయినా ఆ సాయంత్రమే పిన్ని కందిపప్పు డబ్బా అటకెక్కించింది. పాలకూర, టమాటా కూడా బంద్. ఆదివారం తలకాయ కూర, బీరు జోలికి మాత్రం ఎవరూ పోలేదు!

నిజానికి యూరిక్ యాసిడ్‌లో ఎక్కువ భాగం తిండి నుంచి రాదు. మన కణాలు రోజూ చచ్చి కొత్తవి పుడుతుంటాయి. పాత కణాల డీఎన్ఏలోని ప్యూరిన్లు విరిగి, చివరికి యూరిక్ యాసిడ్‌గా మిగులుతాయి. తిండి వాటా సుమారు మూడో వంతే. చాలా జంతువుల్లో యూరికేజ్ అనే ఎంజైము దాన్ని నీళ్లలో తేలిగ్గా కరిగే పదార్థంగా మార్చేస్తుంది. మన పూర్వీకులు కోటి ఏళ్లకు పైగా కిందటే ఆ ఎంజైమును పోగొట్టుకున్నారు. పైగా మన కిడ్నీలు వడగట్టిన యూరిక్ యాసిడ్‌లో దాదాపు 90 శాతాన్ని తిరిగి రక్తంలోకే లాగేసుకుంటాయి. అంకె పెరిగిన వాళ్లలో ఎక్కువ మందికి చిక్కు ఇక్కడే: తయారీ మామూలే, బయటికి పోవడమే తక్కువ.

రక్తంలో యూరిక్ యాసిడ్ డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే అది స్ఫటికాలుగా పేరుకునే వీలుంది. కాలి బొటనవేలు ఒంట్లో చల్లటి చోటు కనుక సూదుల్లాంటి ఆ స్ఫటికాలకు అనువు. అర్ధరాత్రి వేలు ఎర్రగా ఉబ్బి, దుప్పటి తగిలినా ప్రాణం పోయినట్టుంటుంది. అదే గౌట్. 19వ శతాబ్దంలో లండన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ గారోడ్ రోగి రక్తపు సీరంలో కాస్త ఎసిటిక్ యాసిడ్ కలిపి, నారపోగు వేసి ఉంచేవాడు. ఒకటి రెండు రోజుల్లో పోగుకు స్ఫటికాలు పట్టేవి.

7.4 ఉన్న అందరికీ గౌట్ రాదు. నొప్పి, కిడ్నీ రాళ్లు లేకపోతే సాధారణంగా మందు అవసరం ఉండదు. తమాషా ఏమిటంటే, నొప్పి ముదిరిన రోజున పరీక్షలో అంకె మామూలుగానే కనబడవచ్చు. అందుకే తగ్గిన రెండు మూడు వారాలకు మళ్లీ చూస్తారు. పదేపదే నొప్పి వచ్చేవాళ్లకు అల్లోప్యురినాల్ వంటి మాత్రలతో అంకెను 6 కిందికి దించి, అక్కడే నిలబెడతారు. నొప్పి పోయింది కదా అని మానేస్తే అంకె మళ్లీ పాత చోటికే చేరుతుంది. ఆ మందు మొదలెట్టాక ఒంటి మీద దద్దుర్లు వస్తే మాత్రం వెంటనే ఆపి డాక్టరుకు చూపించాలి.

తిండిలో తగ్గించాల్సినవి లివరు, బోటి వంటివి, మాంసం, కొన్ని రకాల చేపలు, బీరు, తియ్యటి కూల్‌డ్రింకులు. పప్పు, పాలకూరల్లో ప్యూరిన్లు ఉన్నా గౌట్ ముప్పు పెంచినట్టు పరిశోధనల్లో తేలలేదు.

బాబాయి వేసుకునే బీపీ మాత్రలో ఒంట్లో నీరు తీసే థయజైడ్ మందు కలిసి ఉంది. యూరిక్ యాసిడ్‌ను పెంచే మందుల్లో అదొకటి. ఆయన డాక్టరు దగ్గరికి తిండి గురించి ఒక కాగితం నిండా ప్రశ్నలు రాసుకుని వెళ్లాడు. ఆ మాత్రల అట్ట మాత్రం ఇంట్లో టీవీ మీదే ఉండిపోయింది.