బొమ్మనూ క్యాప్షన్‌నూ విడదీయని ఈ-బుక్

కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళుడు ధనుంజయుడు వేయించిన శాసనం క్రీ.శ. 575 నాటిదని, దొరికిన తెలుగు శాసనాల్లో అదే పాతదని చరిత్రకారుల మాట. దాని ఫోటో అచ్చు పుస్తకంలో ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. ఈ-బుక్‌లో ఉండదు. చదివేవారు అక్షరం సైజు పెంచగానే పేజీలన్నీ మళ్లీ సర్దుకుంటాయి. బొమ్మ ఒక తెర మీద, క్యాప్షన్ తర్వాతి తెర మీద పడతాయి. ‘పై బొమ్మ’, ‘ఎదుటి పేజీ’ అనే మాటలు అక్కడ చెల్లవు. బొమ్మలకు నంబర్లిచ్చి ‘3వ బొమ్మ’ అనడమే మేలు.

ఈ-బుక్‌లకు వాడే ఈ-పబ్ ఫైలులో ఉండేవి నిజానికి వెబ్ పేజీలే. 2011లో వచ్చిన ఈ-పబ్ 3లో ‘ఫిగర్’ ట్యాగు లోపల బొమ్మనూ, దాని పక్కనే ‘ఫిగ్‌క్యాప్షన్’లో క్యాప్షన్‌నూ ఉంచవచ్చు. రెండింటి మధ్య పేజీ తెగకూడదని స్టైల్‌షీట్‌లో రాయాలి. ఆ మాట వినని రీడర్లూ ఉన్నాయి. అదీగాక బొమ్మే తెరంతా నిండితే క్యాప్షన్‌కు చోటెక్కడిది? బొమ్మ ఎత్తు తెరలో ముప్పాతిక దాటకపోతే మంచిది.

ఆరంగుళాల తెర మీద శాసనమున్న మొత్తం బండ ఫోటో పెడితే మచ్చ తప్ప మరేమీ కనబడదు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోని అశోకుడి లఘు శిలాశాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, మడక మలుపు తిరిగినట్టు. బండ ఫోటో ఒకటి, రెండు పంక్తుల దగ్గరి ఫోటో ఇంకొకటి ఇచ్చి, ఏ పంక్తి ఎటు నడుస్తుందో క్యాప్షన్ చెప్పాలి. ఆల్ట్ టెక్స్ట్ పని వేరు: చూపు లేనివారికి ఫోటోలో ఏముందో చెప్పడం. అందులో క్యాప్షన్‌నే మళ్లీ అతికిస్తే వాళ్లు ఒకే మాట రెండుసార్లు వింటారు.

నలుపు తెలుపు ఈ-ఇంక్ తెరకు సాధారణంగా 16 బూడిద ఛాయలే ఉంటాయి. గండికోట లోయలోని ఎర్రరాయి అందులో బురదలా కనిపిస్తుంది, కాంట్రాస్టు పెంచాలి. మ్యాపులో ఎర్రగీత రోడ్డు, నీలిగీత పెన్న అయితే రెండూ ఒకటే అవుతాయి. రోడ్డును చుక్కల గీతగా వేస్తే చిక్కు తీరుతుంది.

తెలుగు పుస్తకాలకు ఉన్న మరో బెడద యూనికోడ్ కాని అను ఫాంట్లు. వాటితో కూర్చిన క్యాప్షన్‌ను కాపీ చేస్తే ఇంగ్లిషు అక్షరాల చెత్త వస్తుంది. అది తప్పించుకోవడానికి క్యాప్షన్‌ను బొమ్మలోనే కలిపేస్తుంటారు. అలా చేస్తే అక్షరం పెద్దది కాదు. కలమళ్ల అని వెతికినా దొరకదు. యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు చెదరకుండా అచ్చు ప్రతితో సరిచూసి, బొమ్మకు బయటే ఉంచాలి.